పొన్నమ్మ కాదన్న మనిషి

"సాదేవుడో... ఓ సాదేవుడో..."

అని అవతలొడ్డు నించి ఒక ఆడమనిషి కేకేసిందంట. మిట్టమధ్యాన్నం. ఎండకి గోదారి కొత్త తగరపు రేకులా మెరిసిపోతా ఉంది, రెప్ప వాల్చకుండా చూస్తే కళ్ళమ్మట నీళ్ళొచ్చేస్తాయి. సాదేవుడు ఇవతల జొన్నలంక రేవులో, నావలోనే కూచుని, చద్దన్నంలోకి ఉల్లిపాయ కొరుక్కుంటున్నాడు. పదిహేడో ఏట ఆ రేవులో గెడ పట్టాడు ఆయన, ఇప్పుడు యాభై ఎనిమిది. రోజుకి వంద కేకలు వింటాడనుకోండి. కేకని బట్టి మనిషిని చెప్పేసేవాడంట. బడి మాస్టారైతే పేరు సగమే పిలుస్తాడు, మిగతా సగం ఆయాసం. గేదెలోళ్ళు ఈలేస్తారు. పెళ్ళికూతుర్ని తెచ్చేవోళ్ళు నలుగురూ ఒక్కసారే అరుస్తారు. అట్టాంటి మనిషి, ఈ కేక చెవిన పడేసరికి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయిందంట. ఏమైందంటే, ఆ గొంతు ఆ రేవులో ఆయన్ని పిలిచి ముప్పై మూడేళ్ళయింది.

చెయ్యి కడుక్కున్నాడు, గెడ తీసుకున్నాడు, నావ అవతలికి దాటించాడు. అక్కడ పల్లాలమ్మ నిలబడుంది. ఈ పల్లాలమ్మెవరంటే, ఒకప్పుడు ఆ నావ గలాయన కూతురు. ఇప్పుడు అవతలొడ్డున ఎండుచేపలు అమ్ముకుని బతుకుతుంది. జుట్టు సగం నెరిసిపోయింది గానీ వెన్ను మాత్రం గెడలాగే ఉందంట. నీళ్ళకి నాలుగడుగులు ఎడంగా నిలబడింది, తడి ఇసక కూడా తొక్కకుండా.

"ఎక్కు పల్లాలూ," అన్నాడు.

"ఎక్కడానికి రాలేదు. ఓ మాట చెప్పిపోదామని."

"చెప్పు. ఎండలో ఎందుకు, గొడుగియ్యనా?"

"ముప్పై మూడేళ్ళు ఎండలో చుట్టు తిరిగి నడిచాను. ఈ కాసేపటికి గొడుగెందుకు. నీ నావ ఎవరు కొన్నారో తెలిసిందా?"

"ఇటికల రాజుగారు ఎవరికో అమ్మేశారన్నారు. ఎవరు కొంటే నాకేటి, గెడేసేది నేనేగా."

"మా నాగేణి కొంది."

సాదేవుడు గెడ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడంట. నాగవేణంటే ఆమె కూతురు. ఒక్కత్తే కూతురు. పదేళ్ళు మస్కట్‌లో ఒక ముసలామెకి వొండిపెట్టి, కాళ్ళు పట్టి, మొన్న మావిడికాయల కాలంలో తిరిగొచ్చింది.

"నాతో మాటైనా అనకుండా కొంది," అంది పల్లాలమ్మ. "వొచ్చే ఆదివారం అడుగుతారంట. నువ్వు చెప్పు దానికి, వొద్దని. నన్ను కాదన్నది దాన్ని ఔనంటదా? నేను పడ్డది చాలదా, అది కూడా పడాలా?"

"ఔనంటది," అన్నాడు సాదేవుడు.

"నీకేం తెలుసు?"

"నాకు తెలుసు."

ఆమె ఆయన మొహం కేసి చూసిందంట, చేప తాజాదో నిన్నటిదో చూసినట్టు. "సరే. ఔనన్న రోజున నేనూ ఎక్కుతాను. కాదన్న రోజున నా కూతుర్ని తీసుకుని ఈ ఏరు కనపడని ఊరెల్లిపోతాను. అంతే," అని తట్ట నెత్తికెత్తుకుని ఎల్లిపోయింది.

ఇప్పుడు మీకు ఈ అడగటవేంటో చెప్పాలి, లేకపోతే కథ మీ చేతికి దొరకదు. జొన్నలంకలో నావ చేతులు మారిందంటే కాగితాల మీద సంతకం పెడితే సరిపోదు. నావనడగాలి. ఎట్టా అడుగుతారంటే, నావకి ముక్కున పసుపు రాసి, రెండు పక్కలా ఉన్న కళ్ళకి కొత్తగా తెల్లరంగు దిద్ది, లంక ఎగువ కొస దాకా తీసుకెళ్ళి, మనుషులంతా దిగిపోయి, గెడ లేకుండా తెడ్డు లేకుండా ఒట్టి నావని ఏట్లోకి వొదిలేస్తారు. కొత్త యజమాని రేవులో మోకాటి లోతు నీళ్ళలో చలివిడి పళ్ళెం పట్టుకుని నిలబడాలి. ఎవరూ పిలవకూడదు, ఎవరూ ముట్టుకోకూడదు. నావ దానంతటది వొచ్చి రేవులో ఉన్న రెండు రాటల మధ్యన ఒడ్డుకి తగిలిందా, ఒప్పుకున్నట్టు. తగలకుండా దిగువకి పోయిందా, ఆ మనిషి దానికి పనికిరాడు. ఇచ్చింది వెనక్కి పుచ్చుకుని దణ్ణం పెట్టి తప్పుకోవాలి. ఎంతటోడైనా సరే. మరి ఎప్పుడు వొదలాలి అనేది పంచాంగం చెప్పదు, గెడేసేవాడు చెప్పాలి. ఆయన రేవుకి ఎదురుగా ఏట్లో ఉన్న ఇసక మేట మీద నడుం లోతు నీళ్ళలో నిలబడి, గెడ దించి, గెడకి చెవి ఆనించి వింటాడు. విని, చెయ్యెత్తి "ఇప్పుడు" అంటాడు. దాన్ని నీళ్ళేళ అనేవోళ్ళు. నావ నిద్ర లేచిన అలికిడి గెడలోంచి వినపడుద్దని వాళ్ళ నమ్మకం. నవ్వకండి. మీరూ నేనూ నమ్మేవాటికి లోతు చూస్తే మేట కూడా ఉండదు.

నావ పేరు పొన్నమ్మ. పొన్న చెక్కతో చేశారు గనక పొన్నమ్మ. చేయించినాయన పల్లాలమ్మ తండ్రి ధర్మరాజు. ఆయన కాలంలో దానికి రంగుల్లేవు, చేపనూనె, గుగ్గిలం పూసి నల్లగా నిగనిగలాడేలా ఉంచేవాడంట. పొద్దున్నే మంచులో చూస్తే ఏట్లో ఒక ఏనుగుపిల్ల పడుకున్నట్టుండేదంట. ధర్మరాజుకి మోకాళ్ళు పట్టేశాక సాదేవుణ్ణి గెడకి పెట్టుకున్నాడు. ఒడ్డు నించి మేట దాకా లోతు తక్కువ, అక్కడిదాకా గెడ. మేట దాటాక తెడ్లు. ఆ మేట దాకా ఎన్ని గెడలేస్తే చేరతామని రేవులో జనం లెక్కపెట్టేవోళ్ళు, పొద్దుపోక. సాదేవుడికి నలభై పడేవి. చుట్టుపక్కల ఏ రేవులోనూ నలభైకి తక్కువ వేసినోడు లేడు. ఒకరోజు సాదేవుడికి జొరమొచ్చి రాకపోతే ధర్మరాజు కూతురు, పదిహేడేళ్ళ పిల్ల, కోక గోచీ బిగించి గెడ పట్టుకుందంట. ఒడ్డున ముసలోళ్ళు చుట్టలు తీసి మరీ లెక్కపెట్టారు. ముప్పయ్యారు. పొరపాటన్నారు. మర్నాడు మళ్ళీ ముప్పయ్యారే. అది బలం కాదండి, గెడ ఎక్కడ దించాలో కాలికి తెలియడం. ఆనాటి నించీ వారంలో మూడు రోజులు సాదేవుడేసేవాడు, మూడు రోజులు పల్లాలేసేది. ఏడో రోజు ఇద్దరూ కలిసి నావ కడిగేవోళ్ళు.

ఇక్కడ ప్రేమేదైనా ఉందేమోనని మీరు చూస్తున్నారు, నాకు తెలుసు. ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నేనూ అట్టాగే చూశాను. ఏడో రోజు, తడిసిన నల్లటి నావ, ఇద్దరు పడుచోళ్ళు, చేతుల్లో కొబ్బరిపీచు, ఎవరికైనా అనిపిస్తది. అదే అయ్యుంటే కథ ఎంతో అందంగా ఉండేది. కాదు. ఇద్దరూ ఏ పక్క పాచి ఎవరు తోమాలని పోట్లాడుకునేవోళ్ళంట, అంతే.

పోతే, సాదేవుడికి ఒక్కటి తెలుసు, ఎవరికీ తెలీనిది. ఆ లంకలో అరటితోటలెక్కువ. గెల కోశాక అరటిబోదెలు నరికి ఏట్లో పారేస్తారు. ఆ బోదెలు కొన్ని తిన్నగా వొచ్చి రేవులో తగులుతున్నాయి, కొన్ని సముద్రానికి పోతున్నాయి. ఏంటిదని ఈయన ఏడాది పొడుగునా చూశాడంట. చూసి చూసి గెడ మీద కత్తితో మూడు గంట్లు పెట్టుకున్నాడు. మాది సముద్రం దగ్గర గదా, పోటొస్తే ఏట్లో నీళ్ళు లేస్తాయి, పాటొస్తే తగ్గుతాయి. పోటు లేస్తున్నప్పుడు మేట మీద నీళ్ళు రెండో గంటు దాకా వొచ్చినప్పుడు వొదిలినదేదైనా సరే, మేటకి కొట్టుకుని పక్కకి తిరిగి రేవుకి తగులుద్ది. మూడో గంటు దాటితే నీళ్ళు మేటెక్కి పోతాయి, వొదిలింది కూడా పోద్ది. అంతేనండి. నావ నిద్రా లేదు, అలికిడీ లేదు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. ధర్మరాజుతో అనలేదు, పల్లాలుతో అనలేదు. నెలకో బోదె వొదిలి చూసుకుని, లోపలే నవ్వుకునేవాడంట.

ధర్మరాజు పోయాడు. కొడుకుల్లేరు. పల్లాలమ్మ, "నావ నేను తీసుకుంటాను. నేనే గెడేసుకుంటాను," అంది. ఆడదేంటి నావేంటి అని ఒకరిద్దరు గొణిగారు గానీ, ముప్పయ్యారు గెడలు అందరూ లెక్కపెట్టినోళ్ళే, గట్టిగా ఎవరంటారు. నావనడుగుదాం అన్నారు. సాదేవుడు మేట మీద నిలబడ్డాడు, గెడకి చెవి ఆనించాడు. రెండో గంటు దాకా నీళ్ళొచ్చాయి. చెయ్యెత్తలేదు. ఒడ్డున జనం చూస్తన్నారు. నీళ్ళు మూడో గంటుకొచ్చాయి. అప్పుడు చెయ్యెత్తి "ఇప్పుడు" అన్నాడంట.

పొన్నమ్మ నల్లగా, నెమ్మదిగా వొచ్చింది. పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పల్లాలు ఎదుటికొచ్చింది. చెయ్యి చాపితే పసుపంటుకునేంత దగ్గరికి. వొచ్చి, తెల్లటి కన్నొకటి ఆమె కేసి చూసినట్టే చూసి, ముక్కు తిప్పుకుని, మేట మీదుగా సముద్రం కేసి ఎల్లిపోయింది. మూడో రోజున ఏరు సముద్రంలో కలిసే చోట వలలోళ్ళు పట్టి తెచ్చారు. పల్లాలు ఏడవలేదంట. పళ్ళెంలో చలివిడి నీరుగారిపోయేదాకా నిలబడి, తరవాత పళ్ళెం కడుక్కుని ఇంటికెల్లింది. ఆ నెలలోనే అవతలొడ్డు సంబంధం చేసుకుని ఎల్లిపోయింది, లాకుల మీదుగా, నడిచి. జొన్నలంక తోక దగ్గర లాకులున్నాయి, వాటి మీద కాలిదారి. చుట్టు తిరిగి ఏడు మైళ్ళు. నావలో అయితే చుట్ట కాలేలోపు దాటేయొచ్చు.

సాదేవుడు అట్టా ఎందుకు చేశాడంటారా. అది ఆయనే చెప్తాడు, కాస్త ఆగండి. అప్పటికి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో ఆమె సొంత పేరు పోయి ఇంకో పేరొచ్చింది: పొన్నమ్మ కాదన్న మనిషి. ఎండుచేపల తట్ట దించితే, "ఎవరమ్మా, పొన్నమ్మ కాదన్న మనిషేనా?" అని అడిగి బేరమాడేవోళ్ళు. తిట్టుగా కాదు, గుర్తుగానే. తిట్టు కన్నా అదే ఎక్కువ నొప్పి.

ఆ తరవాత నావ బతుకు నావది. మొదట కన్నయ్యశెట్టి గారు కొన్నాడు, కొబ్బరికాయల వర్తకుడు. సాదేవుడు రెండో గంటు దగ్గర చెయ్యెత్తాడు, నావ వొచ్చి తగిలింది, శెట్టిగారు మురిసిపోయి పసుపుపచ్చ రంగేయించాడు. ఆయన కాలంలో కాయలకి కూచోటానికి చోటు, మనుషులకి నిలబడటానికి. "కాయ మునిగితే తేలుద్ది, నువ్వు మునిగితే తేలతావా? అందుకే ముందు కాయ దిగాలి," అనేవాడంట, అదేం లెక్కో మరి. శెట్టిగారి కాలంలోనే పల్లాలమ్మ తల్లి ఇవతల లంకలో పోయింది. కబురెల్లింది. సాదేవుడు కాయలన్నీ ఒడ్డున గుమ్మరించేసి ఖాళీ నావేసుకుని అవతలికి పోయాడు. పల్లాలు పరిగెట్టుకుంటా వొచ్చి రేవులో నిలబడింది.

"ఎక్కు," అన్నాడు. "ఇంకా ఎత్తలేదు. ఇప్పుడెక్కితే అందుకుంటావు."

"నన్నొద్దన్న నావ," అంది. "నడేట్లో నన్ను దించేస్తే మా అమ్మని చూసేదెవరు?"

"దించదు. నా మాట విను."

"నీ మాట కాదు సాదేవుడా, దాని మాట."

అప్పుడు నోటిదాకా వొచ్చిందంట. పెదిమల దాకా వొచ్చింది. ఆ ఒక్క ముక్కా అనేస్తే ఆమె ఎక్కేసేది. అనలేదు. ఆమె ఏడు మైళ్ళూ నడిచొచ్చేసరికి చితి మీద బూడిద మిగిలింది. సాదేవుడు ఆ రోజంతా నావ కట్టేసి ఒడ్డున కూచున్నాడంట.

శెట్టిగారు పోయాక పాల సొసైటీ వోళ్ళు కొన్నారు. తెల్లరంగేసి పక్కన ఆవు బొమ్మ గీయించారు. లంకలో ఉన్నవన్నీ గేదెలే. గేదెనెందుకు గీయలేదురా అంటే, ఆవైతే అందంగా ఉంటదన్నారంట. సొసైటీ అంటే పదకొండు మంది, మరి పళ్ళెం పట్టుకునేదెవరు? తగువు తెగక పదకొండు మందీ పదకొండు పళ్ళేలతో వరసగా నిలబడ్డారు. పొన్నమ్మ సరిగ్గా వరస చివర, పాలు కొలిచే అప్పన్న చూట్టానికొచ్చి నిలబడితే వాడి ఎదర తగిలింది. అప్పటి నించీ అప్పన్న ప్రెసిడెంటుగారి ముందు కూడా కాలు మీద కాలేసుకునేవాడు. సొసైటీ తరవాత ఇటికల సూరపరాజు గారు. పచ్చరంగు, ఇంజను. ఇంజనున్నా మేట దాకా గెడే, లేకపోతే రెక్క ఇసకకి తగులుద్ది. ఇటికల పొడికి నావ అడుగున నీళ్ళు తాంబూలం నమిలినట్టు ఎర్రగా ఉండేవంట. యజమానులు మారారు, రంగులు మారాయి, నావ వొంగి వొంగి వాళ్ళ సరుకు మోసింది, సాదేవుడు గెడేశాడు. ముక్కు దగ్గర రంగు పెచ్చులూడితే ఉల్లిపాయ పొరల్లా కనపడేది: పచ్చ, దాని కింద తెలుపు, దాని కింద పసుపు. ఆయన వేలిగోరుతో గిల్లుకుంటా కూచునేవాడంట. గిల్లగా గిల్లగా అడుగున నలుపు కనపడితే మాత్రం, చప్పున బంకమట్టి తీసి పూసేసేవాడు.

అదండీ వెనక సంగతి. మళ్ళీ మనం ఆ మధ్యాన్నానికొద్దాం. పల్లాలమ్మ అట్టా చెప్పి ఎల్లిపోయాక సాదేవుడు గుండె మీంచి బరువు దిగినట్టయిందంట. ఆయన లెక్కేటంటే, తప్పు చేశాను నిజమే, దిద్దుకునే రోజు దానంతటదే వొచ్చింది. రెండో గంటు దగ్గర చెయ్యెత్తుతాను, నావ తగులుద్ది, పల్లాలు ఎక్కుతుంది, నేను నోరు విప్పక్కర్లేదు. ఎంత హాయి చూడండి. తప్పు మాటతోనే చేసి, మాట లేకుండా దిద్దుకుందామని.

మర్నాడు ఊరికే ఓ అరటిబోదె వొదిలి చూశాడు, రెండో గంటు దగ్గర. బోదె వొచ్చి, వొచ్చి, రేవు ముందు కాస్త ఆగి, సముద్రానికి పోయింది. గాలేమోలే అనుకున్నాడు. మర్నాడు ఇంకోటి. అదీ పోయింది. మొదటి గంటు దగ్గరొదిలాడు, గిరగిరా తిరిగి ఎగువనే ఇసకెక్కింది. మూడో గంటు దగ్గరొదిలాడు, చక్కా పోయింది. మేట మీదికెళ్ళి గెడ దించి చూస్తే ఏముంది, మేట ఉండాల్సిన చోట లేదు. రెండేళ్ళుగా ఎగువన మిషన్లతో ఇసక తోడేస్తున్నారు గదా, ఏరు తన పక్క తనే సర్దుకుంది. ఇటికల రాజుగారు నావ కొన్నప్పటి మేట కాదిది. రోజూ దాని పక్కనే గెడేస్తా కూడా ఈయన చూసుకోలేదు, ఎందుకంటే గంట్ల పని మళ్ళీ పడుద్దనుకోలేదు. నాలుగు రోజుల్లో పాతిక బోదెలొదిలాడంట. రేవులో జనం, "ముసలాయనకి మతి పోయింది, బోదెలతో ఆడుకుంటన్నాడు," అని నవ్వారు. ఒక్కటంటే ఒక్కటి తగల్లేదు.

శనివారం నాగవేణి నావ చూసుకోటానికొచ్చింది. మనిషి తల్లి పోలికే, మాట మాత్రం గలగలా. నావ చుట్టూ తిరిగి, ఆవు బొమ్మ మీదేసిన పచ్చరంగు చూసి నవ్వుకుంది.

"నాగేణమ్మా, ఈ అడగటాలు పాతకాలపు మాటలు. మానేద్దాం. సంతకాలైపోయాయిగా," అన్నాడు సాదేవుడు.

"నాకు మాత్రం నమ్మకముందా మావా? ఇంజనుంటే ఏ నావైనా ఒప్పుకుంటది."

"మరింకేం?"

"అమ్మకుంది గదా. మస్కట్‌లో నేను చూసిన ముసలామె వీల్‌చైర్లో కూచుని రోజూ సముద్రం చూపించమనేది. చూపించినప్పుడల్లా నాకు మా అమ్మే గుర్తొచ్చేది. ఏటి పక్కనే ఉండి నీళ్ళు తొక్కని మనిషి. ఈ నావ నాకెందుకు మావా, చీరల కొట్టు పెట్టుకుంటే నీడపట్టున ఉందును. పొన్నమ్మ నన్ను ఔనందని మా అమ్మ కళ్ళారా చూడాలి. అందుకే కొన్నాను." అని నావ అంచు మీద చెయ్యేసి, "కాదంటదా ఏటి?" అందంట.

నావలో నీళ్ళేమీ లేకపోయినా సాదేవుడు డొక్కు తీసుకుని తోడటం మొదలెట్టాడు.

ఆదివారం పొద్దున్నే లంకంతా రేవులోనే ఉంది. చూడని వోళ్ళు చూద్దామని, చూసినోళ్ళు చూడనోళ్ళకి చెబ్దామని. అప్పన్న కూడా వొచ్చి తన ఎదర నావ తగిలిన చోటు కర్రతో గీసి చూపిస్తన్నాడు. పల్లాలమ్మ లాకుల మీదుగా నడిచొచ్చి అందరికీ వెనకాల, ఒడ్డు పైన నిలబడింది, కొంగు నడుం చుట్టూ బిగించుకుని. కిందన నాగవేణి మోకాటి లోతులో చలివిడి పళ్ళెంతో. సాదేవుడు కొత్త మేట వెతుక్కుని, నడుం లోతులో నిలబడి, గెడ దించి చెవి ఆనించాడు. ఇన్నేళ్ళూ విన్నట్టు నటించాడు గదా, ఆ రోజు నిజంగా విన్నాడంట. ఏమైనా చెప్తదేమోనని. ఇసక జరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. గంట్ల కేసి చూశాడు, అవి గంట్లే. ఎప్పుడొదిలినా ఒకటేనని తెలిసిపోయింది. చెయ్యెత్తాడు. "ఇప్పుడు," అన్నాడు.

పొన్నమ్మ వొచ్చింది. ముక్కున పసుపుతో, కొత్తగా దిద్దిన కళ్ళతో, ఎండలో పచ్చగా, పెళ్ళినడకలా వొచ్చింది. పళ్ళేనికి ఇరవై బారల దూరంలో ముక్కు కదిలింది. కొద్దిగానే. ఇంకొద్దిగా. రేవు కేసి ఉన్న ముక్కు ఏటి కేసి తిరిగింది. ఒడ్డున అందరూ ఒక్కసారే "ప్చ్" అన్నారు. నాగవేణి పళ్ళెం కాస్త పైకెత్తింది, నావకి కనపడలేదేమో అన్నట్టు. పొన్నమ్మ సాదేవుడి పక్కనించే పోతా ఉంది, గెడ చాపితే అందేంత దూరంలో. ఒక్క పోటు పొడిస్తే ఒడ్డుకి తిరుగుద్ది. అందరూ చూస్తన్నారు, ముట్టుకోకూడదు, ముట్టుకున్నా అది ఒప్పుకున్నట్టు కాదు. పైన పల్లాలమ్మ తట్ట ఎత్తుకున్నట్టు తల సర్దుకుని, వెనక్కి తిరిగి లాకుల దారి పట్టింది.

ఇంక తరవాతి సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు నావేమైంది నావేమైందని నన్ను నిలవనియ్యరు. నావేమీ కాలేదు. దిగువన వలలకి చుట్టుకుని ఆగింది. పల్లాలమ్మే ఒడ్డమ్మట నడిచెళ్ళి, తడి ఇసక తొక్కి, ఎక్కి, వలలోళ్ళ గెడ పుచ్చుకుని వేసుకుంటా తీసుకొచ్చింది. రేవులో మళ్ళీ చుట్టలు తీసి లెక్కపెట్టారు, మేటనించి ఒడ్డుకి ముప్పై తొమ్మిది పడ్డాయంట, ఆ వయసులో. మేట జరిగింది గనక లెక్క కుదరదన్నారు కొందరు. అట్టాంటోళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. సాదేవుణ్ణి ఊరు ఏమీ చెయ్యలేదు. ఆమె ఆయనతో ఆర్నెల్లు మాట్లాడలేదు, తరవాత, "ఆ పక్క పాచి నువ్వు తోము," అంది. ఇప్పుడు జొన్నలంకలో నావనడగటం లేదు. కొత్తోళ్ళెవరైనా వొస్తే గెడ చేతికిచ్చి మేట దాకా వెయ్యమంటారు, అందరూ లెక్కపెడతారు. నాగవేణి తన నావకి మళ్ళీ నల్లరంగే వేయించింది. నేను చూశాను, మంచులో నిజంగానే ఏనుగుపిల్లలాగే ఉంటది.

అదంతా తరవాత. అప్పుడు మాత్రం నావ ఇటు పోతా ఉంది, మనిషి అటు పోతా ఉంది, మధ్యన నడుం లోతు నీళ్ళలో సాదేవుడు. నలభై ఒక్క ఏళ్ళు ఒడ్డున ఉన్నోళ్ళు ఆయన్ని కేకేశారు, ఆయన పలికాడు. ఏట్లోంచి ఆయన ఒడ్డుని కేకెయ్యటం ఎవరూ వినలేదు. ఆ రోజు విన్నారంట.

"పల్లాలో... ఓ పల్లాలో..."

ఆమె ఆగింది. తిరగలేదు గానీ ఆగింది. జనం కూడా నావనొదిలేసి ఆయన కేసి తిరిగారు.

"నావకేమీ తెలీదు పల్లాలూ. దానికి ఔనూ లేదు, కాదూ లేదు. నీళ్ళెటుపోతే అటు పోద్ది. ఆ రోజు నీళ్ళేళ నేను తప్పు చెప్పాను. తెలిసే చెప్పాను. దాటిపోయేదాకా ఆగి, అప్పుడు చెయ్యెత్తాను. నిన్ను కాదన్నది పొన్నమ్మ కాదు, నేను." ఊపిరి తీసుకున్నాడు. అప్పుడామె తిరిగి చూసింది. "నీకు ముప్పయ్యారు గెడలే పడేవి. నాకు నలభై."